పుత్తూరులో ఉండిపోయిన చైను

సైకిలు చైను సాగిందని అంటారు గానీ ఇనుము సాగదు. లింకుకూ లింకుకూ మధ్య ఉండే పిన్ను అరుగుతుంది. ఒక్కో పిన్ను దగ్గర అరిగేది వెంట్రుకంత కూడా ఉండదు. అన్నీ కలిస్తే చైను పొడుగవుతుంది. పొడుగైన చైను వెనక చక్రం పళ్లను తన కొలతకు అరగదీసుకుంటుంది. ఇక ఆ చైనుకు ఆ పళ్లే, ఆ పళ్లకు ఆ చైనే. అందులో ఒకదాన్ని మారిస్తే రెండోది ఒప్పుకోదు.

ఈ సంగతి మునిచంద్రకు చెప్పింది దయానంద్. మునిచంద్ర తలూపి టీ తాగాడు. చైను సంగతి చూసుకోవడానికి దయానంద్ ఉన్నాడు గదా అనుకున్నాడు.

మునిచంద్రది రేణిగుంట. వయసు యాభై దాటింది. విమానాశ్రయం పోయే దారిలో ఒక గోడౌన్‌లో సరుకు ఎక్కించేచోట సూపర్‌వైజరు. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. అమ్మ ఉన్నన్నాళ్లు అడిగింది, ఆమె పోయింది. వారమంతా అతను మాట్లాడే మాటలు లారీల గురించి. ఏ లారీ వచ్చింది, ఏది రాలేదు, ఎవడు తాడు సరిగా కట్టలేదు. ఆదివారం మాత్రం దయానంద్‌తో మాట్లాడేవాడు.

దయానంద్‌ది పుత్తూరు. ఒక క్లినిక్‌లో రక్తపరీక్షలు చేసేవాడు. మునిచంద్ర కంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. ఇద్దరికీ పరిచయం సైకిళ్ల వల్ల. తిరుపతిలో ఒకసారి వందమందిని పోగుచేసి సైకిళ్లు తొక్కించారు. టీషర్టులు పంచారు, ఫోటోలు తీశారు. మరుసటి వారం ఇరవై మంది వచ్చారు. ఆపై వారం వచ్చింది వీళ్లిద్దరే. ఇద్దరివీ సన్న టైర్ల సైకిళ్లు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లాగా కిందికి వంగి ఉంటుంది. రోడ్డు మీద పరుగెత్తడానికి తప్ప దేనికీ పనికిరావు. బియ్యం మూట కూడా పెట్టుకోలేమని దయానంద్ భార్య రూతు అనేదట.

ఆదివారం తెల్లారగానే ఇతను రేణిగుంటలో, అతను పుత్తూరులో బయల్దేరి మధ్యన వడమాలపేటలో కలిసేవాళ్లు. అక్కడ చంద్రకాంతమ్మ టీ కొట్టు ఉంది. టీ తాగి, కాసేపు కూర్చుని, ఎవరి దారిన వాళ్లు వెనక్కి తిరిగేవాళ్లు. దయానంద్ తొమ్మిదికి చర్చిలో ఉండాలి.

ఆ దారిలో కంకర టిప్పర్లు తిరుగుతాయి. చైనుకు నూనె పోస్తే దుమ్ము వచ్చి అంటుకుంటుంది. దుమ్మూ నూనే కలిస్తే సానరాయితో నూరినట్టే. అందుకని దయానంద్ నూనె పోయనిచ్చేవాడు కాదు. మైనం పెట్టాలి అనేవాడు. చర్చిలో కాలి మిగిలిన కొవ్వొత్తుల మొదళ్లు ఏరుకొచ్చి కరిగించి, కడిగిన చైనును అందులో ముంచి, తీసి వేలాడదీయాలి. మైనం ఆరితే చైను కర్రలాగా బిగుసుకుంటుంది. నాలుగు చుట్లు తిరిగితే వదులవుతుంది. చేత్తో పట్టుకున్నా మసి అంటదు, దుమ్ము నిలవదు.

మునిచంద్రకు రెండు చైన్లు ఉండేవి. ఒకటి సైకిలు మీద, ఒకటి పుత్తూరులో మైనం పెట్టడానికి. నెలకోసారి దయానంద్ స్టీలు టిఫిను డబ్బాలో చైను తెచ్చేవాడు. లైనింగు గుడ్డ ముక్కలో చుట్టి, దారంతో కట్టి, చిన్న ముడి వేసి ఉండేది. చంద్రకాంతమ్మ కొట్టు ముందు బల్ల మీద పాత చైను విప్పి, కొత్తగా మైనం పెట్టింది ఎక్కించి, పాతదాన్ని అదే గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టేవాళ్లు. డబ్బా పుత్తూరు పోయేది. ఇలా మూడేళ్లు జరిగింది. చైను అరుగుదల చూసే రేకు ముక్క ఒకటి దయానంద్ మునిచంద్రకు ఇచ్చాడు. లింకుల మధ్య పెట్టి నొక్కితే, చైను అరిగి ఉంటే రేకు లోపలికి దిగుతుంది. మూడేళ్లలో అది దిగలేదు.

ఫిబ్రవరిలో దయానంద్ చనిపోయాడు. స్నానం చేసి వచ్చి, క్లినిక్‌కు పోవడానికి చొక్కా వేసుకుంటూ కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

మునిచంద్ర బస్సులో పోయాడు. చర్చిలో వెనక వరుసలో నిలబడ్డాడు. సమాధి దగ్గర మట్టి వేశాడు. ఇంటి దగ్గర ఎవరో కాఫీ ఇచ్చారు. ఈ వయసులో సైకిళ్లెందుకు, తొక్కి తొక్కి గుండె ఆగింది అని వాళ్ల బంధువులు వరండాలో మాట్లాడుకుంటున్నారు. మునిచంద్ర చెప్పులు వెతుక్కుంటుండగా రూతు తలుపు దగ్గరికి వచ్చి, "అన్నా" అంది. అతను ఆగలేదు. చెప్పులు తొడుక్కుని, మాట్లాడకుండా, తిరిగి చూడకుండా బస్టాండుకు నడిచాడు.

చిన్నప్పటి నుంచి నాయన నేర్పింది అదే. చావింట్లో పోయొస్తానని చెప్పకూడదు. చెబితే ఇంకో చావుకు వస్తానన్నట్టు. వెనక్కి తిరిగి చూడకూడదు.

బస్సు వడమాలపేట దాటాక అతనికి చైను గుర్తొచ్చింది. రెండో చైను పుత్తూరులో ఉంది.

చావింటి నుంచి వస్తువు తెచ్చుకోరాదన్నది కూడా నాయన మాటే. పెద్దదినం కర్మ అయ్యేదాకా ఆగాలనుకున్నాడు. వాళ్లకు పెద్దదినం ఉంటుందో ఉండదో తెలియలేదు. అడుగుదామంటే దయానంద్ లేడు. నెల గడిచింది. భర్త పోయిన మనిషి ఇంటికి పోయి నా చైను ఇవ్వమ్మా అని ఎలా అడగాలో తెలియలేదు. రెండు నెలలు గడిచాయి. ఇన్నాళ్లూ రానివాడు ఇప్పుడు చైను కోసం వచ్చాడనుకుంటుంది. మూడు నెలలు గడిచాయి. ఆలస్యం అయ్యేకొద్దీ పోవడం కష్టమైంది. అక్కడ ఉండిపోయింది చైను ఒక్కటే కాదని, పుత్తూరులో తనను అన్నా అని పిలిచే ఇల్లు ఒకటి ఉండేదని, అది కూడా పోగొట్టుకుంటున్నానని అతనికి తెలుసు. తెలిసీ పోలేదు.

ఆదివారం మాత్రం మానలేదు. వడమాలపేట దాకా పోయి, ఒక టీ తాగి, తిరిగి వచ్చేవాడు.

మార్చిలో చైను మైనం అయిపోయి అరవసాగింది. అమ్మ పూజగదిలో దీపానికి వాడిన నువ్వుల నూనె సీసా సగం మిగిలి ఉంది. అది పోశాడు. అరుపు ఆగింది. వారానికి మళ్లీ మొదలైంది. మళ్లీ పోశాడు. వేసవిలో చైను మీద నల్లటి ముద్ద పేరుకుంది. ఒకరోజు అంగట్లో కొవ్వొత్తులు కొనుక్కొచ్చి, గిన్నెలో కరిగించి, నూనె చైనును అలాగే ముంచాడు. నూనె మీద మైనం పట్టలేదు. పాల మీద మీగడ లేచినట్టు లేచి రాలిపోయింది. మళ్లీ నువ్వుల నూనె పోశాడు. మే నెలలో రేకు సగం దిగింది. జూలైలో పూర్తిగా దిగింది.

ఆడికృత్తిక దగ్గర పడిన ఆదివారం అతను చంద్రకాంతమ్మ కొట్టు ముందు సైకిలు ఆపాడు. రోడ్డంతా తిరుత్తణి మురుగన్ కొండకు నడిచిపోయే కావళ్లవాళ్లు. పసుపు బట్టలు, భుజాన కావడి.

"ఏం సామీ," అంది చంద్రకాంతమ్మ టీ వడకడుతూ. "నువ్వు వచ్చేది ఇప్పుడు టోలుగేటు కాడ్నుంచే తెలస్తా ఉండాది. ఎలకల్ని బోన్లో ఏసుకోని తిరగతా ఉండావా?"

"చైను అరస్తా ఉందమ్మా."

"నూనె పొయ్యి దానికి."

"పోసినా."

"ఏం నూనె?"

"నువ్వుల నూనె."

"దీపం నూనెనా? పో, సైకిలుకు పుణ్యమన్నా వస్తాది."

బెంచీ మీద కూర్చున్న కావళ్లవాళ్లు నవ్వారు. మునిచంద్ర కూడా నవ్వాడు. ఆ వారంలో అతను నవ్వింది అదే. చంద్రకాంతమ్మ గ్లాసు అతని ముందు పెట్టి, గొంతు తగ్గించింది.

"పుత్తూరు సామి ఇంటికి మళ్ల పోయినావా?"

"లేదు."

"ఆయమ్మ మొన్న ఈడికి వచ్చింది. బస్సు ఆగితే దిగి వచ్చి అడిగింది. రేణిగుంట సైకిలాయన ఇంకా వస్తా ఉండాడా అని."

మునిచంద్ర గ్లాసు కింద పెట్టాడు. "నువ్వేం చెప్పినావు?"

"వస్తాడు, ఒక టీ తాగతాడు, రోడ్డు తట్టు సూస్తా కూసుంటాడు, పోతాడు అని చెప్పినా. ఉండేదే గదా చెప్పినా. కోపమొస్తే రానీ."

"ఇంకేమన్నా అనిందా?"

"ఏమనలే. బస్సోడు హారను కొడతా ఉంటే ఎక్కి పోయింది."

మునిచంద్ర టీ పూర్తి చేశాడు. రోడ్డు మీదికి వచ్చి సైకిలు ఎక్కాడు. రేణిగుంట వైపు తిప్పలేదు. పుత్తూరు వైపు తిప్పాడు.

ఎత్తు వచ్చినచోట లేచి నిలబడి తొక్కితే చైను పళ్లను వదిలేసి ఎగిరింది. పెడలు ఒక్కసారిగా కిందికి జారి మోకాలు హ్యాండిలుకు తగిలింది. పక్కన నడుస్తున్న కావళ్ల ముసలాయన, "అరోహరా! దిగి మాతో నడువు సామీ, కొండకు ముందే చేరతావు" అన్నాడు. మునిచంద్ర కూర్చుని, బరువు వేయకుండా, మెల్లగా తొక్కాడు. రూతుతో ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాడు. ముందు బాగున్నావా అని అడగాలి. కాదు, బాగున్నావా అని అడగకూడదు. రాలేకపోయాను అనాలి. ఎందుకు రాలేదంటే? గోడౌన్‌లో పని అనాలి. ఆరు నెలల ఆదివారాలు వడమాలపేటలో టీ తాగినట్టు ఆమెకు ఇప్పుడు తెలుసు.

పుత్తూరులో ఎముకలు విరిగి కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ల వ్యాన్లు దాటుకుని, చర్చి వెనక సందులోకి తిరిగాడు. సైకిలు ఇంకా ఇంటి ముందుకు రాకముందే తలుపు తెరుచుకుంది. రూతు చర్చికి తయారై తెల్లచీరలో ఉంది. అతని ముఖం చూడలేదు. చైను చూసింది.

"నూనె పోసినావా అన్నా?"

అతను సైకిలు దిగాడు. "పోసినా" అన్నాడు.

ఆమె మెట్టు దిగి వచ్చి, చైను మీద వేలు పెట్టి, వాసన చూసింది. "నువ్వుల నూనె. అయ్యో దేవా. పోపు పెట్టినావా దానికి?" వేలిని గోడకు రాసింది. "లోపలికి రా."

ముందు గదిలో కిటికీ పక్కన కుట్టు మిషను ఉంది. తీగకు కుట్టిన జాకెట్లు వేలాడుతున్నాయి. మిషను కింద గంపలో లైనింగు గుడ్డ ముక్కలు. పచ్చవి, ఎర్రవి, మావిడిపిందె రంగువి. ఆ ముక్కలన్నీ మునిచంద్రకు తెలుసు. మూడేళ్లు నెలకొకటి చొప్పున విప్పాడు.

"చైనుకు మైనం పెట్టేది నువ్వా రూతమ్మా?"

"మరి ఆయన పెడతాడా? పొయ్యి మీద పాలు పెడితే పొంగించి పొయ్యి ఆర్పేసే మనిషి. మొదట్లో నా వంటింట్లో కిరసనాయిలు పెట్టి చైను కడిగినాడు. రెండు పొద్దులు అన్నం కిరసనాయిలు కంపు కొట్టింది. నువ్వు తాకొద్దు, నేనే చేస్తా పో అన్నా. దారానికి మైనం రాసే చేతులు గదా ఇవి."

"నాతో ఒక్కనాడూ చెప్పలేదు."

"నువ్వు అడిగినావా?"

అడగలేదు. ఇద్దరి సైకిళ్ల నాలుగు చైన్లు మూడేళ్లు ఈ ఇంట్లో ఎవరు మైనంలో ముంచారో అడగాలని అతనికి తోచలేదు.

గోడవారగా దయానంద్ సైకిలు ఉండే చోటు ఖాళీగా ఉంది. రూతు అతని చూపు పోయినచోటు చూసింది.

"మా అన్న కొడుకు రూపేష్ తీసకపోయినాడు, సత్యవేడుకు. ఆయన చైన్లు రెండూ వాడికే ఇచ్చినా. వెనకాల క్యారేజి పెట్టించి పాలక్యాన్లు కట్టినాడంట. ఆ సన్న టైరు ఎన్నాళ్లు ఆగతాదో."

మిషను పైన అరలో నుంచి ఆమె స్టీలు డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. మూత తెరిచాడు. నీలం గుడ్డ, తెల్ల దారం, చిన్న ముడి.

"ఆ ఆదివారానికని కట్టిపెట్టినా," అంది. "ఆయన శుక్రవారం పోయినాడు."

వరండాలో కూర్చుని అతను పాత చైను జాయింటు లింకు విప్పాడు. చేతులు నల్లగా అయ్యాయి. రూతు రెండు చైన్లనూ తలుపు పక్కన మేకుకు ఒకేచోట తగిలించింది. రెండింటికీ లింకులు సమానం. మైనం పెట్టింది ఒకచోట ఆగింది. నూనె పోసింది దాన్ని దాటి కిందికి దిగింది.

"సూడన్నా."

అతను చూశాడు. మైనం పెట్టిన చైను ఎక్కించాడు. మొదట బిగుసుకుని ఉండి, తిప్పగా తిప్పగా టపటపమని వదులై, తర్వాత చప్పుడు లేకుండా తిరిగింది. చప్పుడు లేని సైకిలు విని నెలలయింది. సందులోకి తీసుకుపోయి ఎక్కి తొక్కాడు. మెల్లగా పోయినంతసేపు బాగానే ఉంది. కాస్త బరువు వేయగానే చైను పళ్ల మీద నుంచి ఎగిరింది. టక్ మని మోగింది. మళ్లీ వేశాడు. మళ్లీ టక్.

దిగి సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వచ్చాడు. ఐదు నెలలుగా నువ్వుల నూనె చైను వెనక పళ్లన్నిటినీ తన కొలతకు అరగదీసుకుంది. అరగని చైనును అవి ఇప్పుడు పట్టుకోవు. మెట్టు మీద నిలబడ్డ రూతుకు ఆ చప్పుడు వినపడింది.

"ఆ పొద్దే ఇచ్చుంటే సరిపోయుండు," అంది ఆమె. "ఈ డబ్బా ఇద్దామనే నేను అన్నా అని పిలిస్తి. నువ్వు వినీ పోతివి."

"డబ్బా కోసం పిలిచినావా?"

"మరేమనుకుంటివి? ఇది నీ వస్తువు, నీ చేతిలో పెడదామని సాయంకాలం నుంచీ కొంగులో పట్టుకోని తిరగతా ఉంటి. నువ్వు తిరిగి కూడా సూడలే." ఆమె మేకుకు ఉన్న నల్ల చైనును ఊరకే సరిచేసింది. "సైకిలు తొక్కే పోయినాడని మా వాళ్లు నీ ఎదురుగానే అంటా ఉండిరి. అది మనసులో పెట్టుకున్నాడేమో అనుకొంటి. ఇంక ఈ ఇంటికి రాడు అనుకొంటి."

మునిచంద్ర చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతికాడు. ఆమె ఒక లైనింగు ముక్క ఇచ్చింది.

"మాలో చావింట్లో పోయొస్తానని చెప్పకూడదు రూతమ్మా. తిరిగి చూడకూడదు. మా నాయన అట్ట నేర్పినాడు. ఇంకో చావు కోరినట్టు అవుతాదని."

రూతు అతని వైపు చూసింది. ఇంటికి వచ్చాక ముఖంలోకి చూడడం అదే మొదలు.

"మాకు తెలీదా ఆ మాట? ఊర్లో అందరూ అనేదే. కానీ మా ఇంట్లో అట్ట పాటించేది లేదన్నా. ప్రార్థన చేసుకోని, చెప్పి పోతారు. చెప్పకుండా పోయినోడు ఒక్కడు చాలు."

మునిచంద్ర గుడ్డ ముక్కతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. వేళ్లు శుభ్రమయ్యాక కూడా తుడుస్తూ ఉన్నాడు.

చర్చి గంట మోగింది. రూతు లోపలికి పోయి బైబిలు, తాళం తెచ్చింది. అప్పటికి అతను మైనం చైను విప్పి నల్లది మళ్లీ ఎక్కించాడు. అరిగిన పళ్లకు అరిగిన చైను సరిపోయింది. రేణిగుంట దాకా అదే తీసుకుపోవాలి.

మైనం చైనును డబ్బాలో పెట్టి అతను చొక్కా వెనక జేబులోకి దూర్చబోయాడు. రూతు చేయి చాపింది.

"దాన్ని ఇయ్యి. నువ్వు తీసకపోతే మళ్ల దీపం నూనె పోస్తావు. పళ్లు కొత్తవి ఏపించుకోని రా. ఇది ఈడే ఉంటాది."

"మైనం ఉండాదా ఇంకా?"

"కొంచెం ఉండాది. నవంబరులో సమాధుల పండక్కి పోయి కొవ్వొత్తుల మొదళ్లు ఏరుకొస్తా. ఈసారి మాదీ ఒకటి ఉంటాది ఆడ."

ఆమె చైనును నీలం గుడ్డలో చుట్టి, దారం కట్టి, ముడి వేసి, డబ్బా అరలో పెట్టింది. బయటికి వచ్చి తలుపు దగ్గరికి లాగింది.

"ఎప్పుడు రమ్మంటావు?" అన్నాడు మునిచంద్ర.

"చర్చి అయినాక రా. ముందు వస్తే ఉండను. ఆ వడమాలపేటకు నేను మోసకరాలేను."

"సరే."

అతను సైకిలు తిప్పుకున్నాడు. ఒక కాలు పెడలు మీద పెట్టి ఆగాడు.

"పోయొస్తా రూతమ్మా."

"ఊ," అంది ఆమె, తాళం తిప్పుతూ. "నిదానంగా పో అన్నా. లేచి తొక్కబాక."

సందు చివర అతను వెనక్కి తిరిగి చూశాడు. తలుపుకు తాళం వేసి ఉంది. ఆమె అప్పటికే చర్చి వైపు మలుపు తిరిగింది. మునిచంద్ర సీటు మీద నుంచి లేవకుండా, బరువు వేయకుండా, రేణిగుంట దారి పట్టాడు. చైను అరుస్తూనే ఉంది.